గేనర్ కొన్న శనివారాలు

టాడ్‌మర్డెన్ ఊళ్లో గేనర్ క్రాబ్‌ట్రీని పిసినారి అనని మనిషి లేడు. అన్నా ఆమె పట్టించుకునేది కాదు. బడి వంటగదిలో రెండొందల మంది పిల్లలకి వడ్డించి, మధ్యాహ్నం రెండున్నరకి ఏప్రన్ విప్పి, అక్కణ్ణుంచి తన నలుగురు పిల్లల్ని నాలుగు చోట్లకి చేరవేసే ఆడదానికి ఊరి మాటలు వినే తీరిక ఎక్కడిది? పెద్దవాడికి ఈత, రెండో పిల్ల పిప్‌కి ఫుట్‌బాల్, కవలల్లో ఒకత్తెకి డాన్సు, రెండోదానికి పళ్ల డాక్టరు. ఫ్రిజ్ తలుపు మీది క్యాలెండరు నాలుగు రంగుల సిరాతో నిండిపోయి కింద కాగితం తెల్లదో కాదో తెలిసేది కాదు.

ఆమె పిసినారితనం చూడాలంటే సాయంత్రం ఏడింటికి సూపర్‌మార్కెట్‌కి వెళ్లాలి. ఆ రోజుతో గడువు తీరిపోయే సరుకుల మీద పసుపు చీటీలు అంటించి ధర తగ్గించే వేళ అది. ఇంట్లో ఆ రాత్రి ఏం తింటారో ఆ చీటీలే చెప్పేవి. ఒక వారమంతా పుట్టగొడుగులే. ఇంకో వారం తొమ్మిది పెన్నీలకి దొరికాయని పద్నాలుగు డబ్బాల పెరుగు. పిల్లలు గొడవపెడితే, "తినేటప్పుడు చీటీ రంగు కడుపుకి కనిపించదు" అని దులిపేసుకునేది.

అలా మిగిలిన డబ్బంతా శుక్రవారం వచ్చేసరికి ఇంటి అప్పులో పడాల్సిందే. బడి వంటగది సరుకుల గదిలో, బంగాళదుంపల బస్తా మీద కూర్చుని, ఫోను తీసి ఇంత అని కొట్టేది. ఒక వారం ముప్ఫై ఒక్క పౌండ్లు, ఒక వారం నలభై, పొట్టివైపోయిన బూట్లు అమ్ముడుపోతే ఇంకో ఆరు. కట్టాల్సిన నెల వాయిదా మొగుడి ఖాతాలోంచి వేరే వెళ్లేది. ఇది దాని మీద అదనం, ఎవరూ అడగనిది, ఆమె తనంతట తాను కట్టేది. ఏడేళ్లలో ఒక్క శుక్రవారం తప్పలేదు. కవలలకి ఆటలమ్మ పోసిన వారం కూడా నాలుగు పౌండ్లు కట్టింది.

కడుతోందని ఇంట్లో తెలుసు, ఎందుకో మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడికైతే అసలే చెప్పలేదు.

ఆ మొగుడు రస్ పోస్ట్‌మాన్. ఊళ్లో చదును నేల మీద ఉన్న వీధులన్నీ ఎవరెవరో పంచుకోగా ఇతని వంతుకి కొండ వచ్చింది. పైన విండీ బ్యాంక్ అనే పేట దాకా మెట్లే మెట్లు, ఒక్కో ఇంటికీ ఒక్కో గేటు, ఒక్కో గేటుకీ ఒక్కో కుక్క. దానికి తోడు రెండు వారాలకోసారి శనివారం పూట అదనపు డ్యూటీ, అదీ కొండ మీదే. అందుకు నెలకి ఎనభై పౌండ్ల చిల్లర వచ్చేది, అతని మోకాళ్లు మటుకు పోయేవి. మెట్లు దిగేటప్పుడు అవి టకటకమనేవి. ఇంట్లో మేడ దిగుతుంటే కింద గిన్నెలు కడుగుతున్న గేనర్‌కి ఆ చప్పుడు వినిపించేది. విన్న ప్రతిసారీ ఆమె కుళాయి కట్టేసి, ఆఖరి మెట్టు దాకా లెక్కపెట్టేది.

అప్పు రెండువేల నలభై రెండు దాకా ఉంది. అప్పటికి రస్‌కి డెబ్బై. డెబ్బై ఏళ్ల మనిషి ఆ సంచీ తగిలించుకుని విండీ బ్యాంక్ ఎక్కడం ఆమె ఊహించుకుంది, ఒక్కసారే. మర్నాడే లెక్క కట్టింది. శుక్రవారాలు తప్పకుండా కడితే అరవై రెండుకి అప్పు తీరుతుంది. ఎనిమిదేళ్లు! ఆ రోజునుంచి పసుపు చీటీ ఉన్న ప్రతి రొట్టే ఆమెకి రస్ కొండ ఎక్కనక్కర్లేని ఇంకో పొద్దుగా కనిపించడం మొదలుపెట్టింది.

ఇంత బిగింపులో కూడా ఆ ఇంట్లో సరదాలకి లోటు లేకపోవడం ఒక వింత. ఒకో శుక్రవారం రస్ వేడివేడి చేపలూ చిప్సూ కాగితంలో చుట్టించుకుని వచ్చేవాడు. పిప్‌కి గోల్‌కీపరు గ్లవుజులు, పెద్దవాడి బడి వాళ్ల వేల్స్ యాత్ర, కవలల పుట్టినరోజుకి గాలి నింపిన రబ్బరు కోట. "ఎక్కడిదయ్యా ఇంత డబ్బు?" అంటే, "టిప్పులు" అనేవాడు.

"పోస్ట్‌మాన్‌కి క్రిస్మస్‌కే కదా టిప్పులిచ్చేది?"

"మా కొండ మీదవాళ్లు ఏడాది పొడుగునా ఇస్తారు. బంగారం లాంటి మనుషులు. ఆ పైన ఓర్మెరాడ్ మామ్మ ఉంది చూశావూ, ఆవిడ చెయ్యి మరీ పెద్దది."

గేనర్ మంచి మనిషి, బదులు ఉంచుకునే రకం కాదు. ఆ మొదటి ఏడే నవంబరులో ఎండుపళ్ల కేకు చేసి, నెలంతా దాని మీద చెంచాడు చెంచాడు బ్రాందీ పోసి, చక్కటి మాటలు రాసిన చీటీతో సహా ఓర్మెరాడ్ మామ్మకి పంపించింది. అప్పణ్ణుంచి ఏటా పంపుతూనే ఉంది. ఆమె తన చేత్తో దండగ ఖర్చు చేసేది ఆ బ్రాందీ ఒక్కటే.

ఇలా ఉండగా ఏప్రిల్‌లో రస్‌కి యాభై రెండో పుట్టినరోజు వచ్చింది. కానుక ఏమివ్వాలా అని ఆలోచించేసరికి గేనర్‌కి ఒళ్లు పులకరించిపోయే ఉపాయం తట్టింది. అప్పు ఏ నెలతో తీరిపోతుందో ఆ తేదీని అచ్చు కాగితం మీద తెచ్చి, కార్డులో పెట్టి అతని చేతిలో పెడితే? ఏడేళ్ల రహస్యం ఆ రోజు బయటపెడితే? గురువారం వంటగది పని కాగానే, జుట్టు దువ్వుకుని మరీ, ప్యాక్‌హార్స్ బిల్డింగ్ సొసైటీకి బయల్దేరింది. అప్పిచ్చింది వాళ్లే.

కౌంటర్లో షబ్నమ్ ఉంది. బడిలో ఉన్నప్పుడు ఆ పిల్లకి గేనర్ రోజూ కస్టర్డ్ రెండోసారి వడ్డించేది.

"మిస్, మీరా! కూర్చోండి కూర్చోండి."

"కూర్చునే టైం లేదమ్మా, కవలలు బయటికొచ్చేస్తారు. మా అప్పు ఎప్పుడు తీరిపోతుందో ఆ తేదీ ఒక కాగితం మీద కొట్టి ఇవ్వు. మీ ముద్ర కూడా వెయ్యి, అందంగా ఉంటుంది. మా ఆయన పుట్టినరోజుకి."

షబ్నమ్ నవ్వుతూ మీటలు నొక్కింది. తెర వంక చూసి నవ్వడం మానేసింది.

"ఏప్రిల్, రెండువేల నలభై రెండు, మిస్."

"అది మొదట్లోదమ్మా. ఇప్పటిది చూడు. ఏడేళ్లుగా ప్రతి శుక్రవారం కడుతున్నాను."

"కట్టారు. అన్నీ ఉన్నాయి. మూడొందల అరవై పైన ఉన్నాయి, నేనింతవరకూ ఇన్ని చూడలేదు. కానీ తేదీ మాత్రం అదే."

గేనర్ అప్పుడు కూర్చుంది.

షబ్నమ్ పాపం మెల్లగా విడమరిచి చెప్పింది. అదనంగా కట్టేవాళ్లు మొదట్లోనే ఒక ఫారం మీద చెప్పాలి, గడువు తగ్గించమనో, నెల వాయిదా తగ్గించమనో. చెప్పకపోతే వాయిదానే తగ్గిస్తారు. ఏటా జనవరిలో ఆ సంగతి ఉత్తరం రాస్తారు.

"మీ డబ్బు ఎక్కడికీ పోలేదు మిస్. అసలు తగ్గింది, దాన్ని బట్టి వాయిదా కూడా తగ్గింది. అప్పుడు నెలకి ఆరొందల పద్నాలుగు కట్టేవారు. ఇప్పుడు అయిదొందల ముప్ఫై రెండే. ఉత్తరాలు చూడలేదా?"

ఉత్తరాలు రస్ పేరున వస్తాయి. ఊరందరి ఉత్తరాలూ వేళకి అందించే రస్, తన పేరున వచ్చిన కవరు ఒక్కటీ విప్పిన పాపాన పోలేదు. గేనరేమో తన ఫోన్లో అసలు తగ్గుతున్న అంకె చూసుకుని మురిసిపోవడమే తప్ప, తేదీ అనేది ఒకటుందని, అది కదలకుండా కూర్చుందని అనుకోలేదు. ఎవరి తెలివి తక్కువైందో తేల్చడానికి ఇద్దరి పేర్లూ చీటీలు వేసి తియ్యాలి.

బయటికొచ్చి మార్కెట్ హాల్లోంచి అడ్డంగా నడిచింది. కళ్లనిండా నీళ్లు. ఆ పెరుగు డబ్బాలు, ఆ పుట్టగొడుగులు, పిల్లలతో చెప్పిన ఆ "ఇప్పుడు కాదు"లు, అన్నీ చేసింది డెబ్బై ఏళ్ల మొగుణ్ణి కొండ ఎక్కించడానికా?

జున్ను కొట్టు దగ్గర ఎవరో కర్రతో ఆమె కాలి మీద పొడిచారు. చూస్తే ఓర్మెరాడ్ మామ్మ.

"ఏమ్మా క్రాబ్‌ట్రీ, మొహం వేలాడేసుకుని పోతున్నావు? ఈసారి క్రిస్మస్‌కి నన్ను దెప్పడానికి కొత్త మాటలు వెతుక్కుంటున్నావా?"

"నేనా? మిమ్మల్నా? నేనేం దెప్పానండీ?"

"కేకు పంపిస్తావు, బానే ఉంది. అందులో ఆ చీటీ ఎందుకు? 'ఏడాది పొడుగునా మా మీద మీరు చూపించే పెద్ద చేతికి కృతజ్ఞతలు' అని! మీ ఆయనకి నేను ఏనాడైనా ఒక పెన్నీ ఇచ్చానా? ఇవ్వను. ఇవ్వనని కొండంతా తెలుసు. ఒకసారి దగ్గుతుంటే బిళ్ల ఇచ్చాను, అది కూడా సగం చప్పరించింది. ఇవ్వనిదాన్ని పట్టుకుని పెద్ద చెయ్యి అంటే, మొహాన ఉమ్మినట్టు కాదూ?"

"మరి ఇన్నేళ్లూ ఊరుకున్నారేం?" అంది గేనర్.

"కేకు బాగుంటుంది" అంది మామ్మ. "అడిగితే మానేస్తావు."

గేనర్ జున్ను కొట్టు ముందు నిలబడి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చి ఉక్కిరిబిక్కిరైంది. కొట్టువాడు కంగారుపడి మంచినీళ్లు ఇచ్చాడు. మామ్మ టిప్పులివ్వలేదు. కొండ మీద ఎవరూ ఇవ్వలేదు. వాయిదా మాత్రం ఎనభై రెండు పౌండ్లు తగ్గింది. కవలల్ని బడి దగ్గర కలుపుకుని ఇంటి దాకా నడిచే పావుగంటలో లెక్క దానంతట అదే తేలిపోయింది.

ఇంటికెళ్లేసరికి రస్ వంటగదిలో కుర్చీలో కూర్చుని, కుడి మోకాలి మీద గడ్డకట్టిన బఠానీల సంచీ పెట్టుకున్నాడు. బల్ల మీద పిప్ హోంవర్కు చేస్తోంది. కవలలు వస్తూనే బల్ల కింద దూరారు, ఎందుకో వాళ్లకే తెలియాలి.

"రస్, పోయిన నెల నీకు టిప్పులెంత వచ్చాయి?"

"ఏదో... ఎనభై దాకా."

"ఎనభై రెండా?"

బఠానీల సంచీ జారి నేల మీద పడింది. కవలలు దాన్ని లాక్కుపోయారు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు రస్, తేలు కుట్టిన దొంగలా గొంతు తగ్గించి.

"ఓర్మెరాడ్ మామ్మ. నీకు సగం చప్పరించిన దగ్గు బిళ్ల ఇచ్చిందట."

పిప్ పెన్ను కింద పెట్టింది. "అంటే నా గ్లవుజులు ఆవిడ డబ్బుతో కొన్నవి కావా? నేను ఎదురుపడ్డప్పుడల్లా ఆవిడకి నమస్కారం పెట్టి చస్తున్నాను!"

"నువ్వు ఉండవే! రస్, నిజం చెప్పు."

రస్ నిజం చెప్పాడు. మొదటి ఏడాది ఖాతాలో పది పౌండ్లు ఎక్కువ మిగిలాయి. సొసైటీ వాళ్లే వడ్డీ తగ్గించి ఉంటారులే అనుకుని, మారు మాట్లాడకుండా చిప్స్ కొన్నాడు. తర్వాతి ఏడాది ఇంకో పన్నెండు. అలా పెరుగుతూ పోయాయి.

"నీతో చెబితే ఏమయ్యేదో నాకు తెలియదా? ఆ శుక్రవారమే పట్టుకెళ్లి మళ్లీ అందులోనే పోసేదానివి. నీకు ఇల్లు పోతుందేమోనని భయం గేనర్. తొంభై ఒకటిలో మీ నాన్న ఇంటికి అప్పులవాళ్లు తాళం వేసినప్పుడు నువ్వు మెట్ల మీద నీ దుప్పటి పట్టుకుని కూర్చున్నావని మీ అమ్మ నాకు చెప్పింది. నిన్ను ఆపడానికి నాకు నోరు రాలేదు. కానీ పిల్లలకి ఆ భయం తగలకూడదనుకున్నాను. అందుకని టిప్పులన్నాను."

గేనర్ కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"భయం కాదయ్యా. మొదట్లో అదీ ఉందేమో. నీ మోకాళ్ల కోసం కట్టాను. నువ్వు మేడ దిగుతుంటే టకటకమంటాయి, నీకు వినబడదు, నాకు వినబడుతుంది. అరవై రెండుకి నిన్ను ఆ కొండ దింపేద్దామనుకున్నాను. ఏడేళ్లు పసుపు చీటీలు ఏరుకుంటే తేదీ ఒక్క రోజు జరగలేదు, రస్. ఒక్క రోజు."

ఇక ఆగలేదు, ఏడ్చేసింది. ఏడేళ్లలో పిల్లల ముందు ఆమె ఏడవడం అదే మొదలు. రస్ లేచి, కుంటుకుంటూ వచ్చి, ఆమె తల తన పొట్టకి ఆనించుకున్నాడు. ఇరవై ఏళ్లుగా పక్కన పడుకునే మనిషి తన మోకాళ్ల చప్పుడు లెక్కపెడుతోందని అతను కలలో కూడా అనుకోలేదు. సిగ్గూ సంతోషమూ కలిసి అతని మొహం మెడ దాకా ఎర్రబడింది.

బల్ల కింద నుంచి ఒక కవల, "ఈ రోజు చిప్స్ ఉన్నాయా, లేవా?" అంది.

"ఉన్నాయి" అంది గేనర్, ముక్కు తుడుచుకుంటూ. "టిప్పుల డబ్బుతో."

మర్నాడు శుక్రవారం ఇద్దరూ కలిసి షబ్నమ్ ముందు కూర్చున్నారు. ఆ పిల్ల రాత్రి నిద్రపోయినట్టు లేదు, అన్నీ లెక్కలు కట్టి ఉంచింది.

"చాలా పోయిందనుకున్నారు కదా మిస్, పోలేదు. ఇప్పటినుంచి మళ్లీ పాత వాయిదా ఆరొందల పద్నాలుగు కడుతూ, శుక్రవారాలు గడువులోంచి తగ్గించమంటే, రెండువేల ముప్ఫై నాలుగు చివరికి తీరిపోతుంది. మీరనుకున్నదానికి ఎనిమిది నెలలే ఎక్కువ."

"ఎనిమిది నెలలా? అంతేనా?" గేనర్ ఎగిరి గంతేసినంత పని చేసింది. ఏడేళ్ల చిప్సూ, వేల్సూ, రబ్బరు కోటా అన్నీ కలిపి ఎనిమిది నెలలు! ఆమె పెన్ను అందుకుంది. "ఎక్కడ పెట్టాలి సంతకం?"

"ఆగు" అన్నాడు రస్.

అతను ఆ మాట అంత గట్టిగా అనడం అరుదు.

"షబ్నమ్, వాయిదా ఇప్పుడున్నంతే ఉంచి, ఈమె శుక్రవారాలు మాత్రం గడువులోంచి తగ్గిస్తే ఎప్పటికి తీరుతుంది?"

"ముప్ఫై ఆరు, సెప్టెంబరు దాకా పడుతుంది."

"అప్పటికి నాకు అరవై నాలుగు. నెలకి ఎనభై రెండు చేతిలో ఉంటుంది. ఇక చిప్సుకి కాదు, పిల్లలు నెలకోసారి తింటే చాలు." గేనర్ వైపు తిరిగాడు. "నా శనివారం డ్యూటీకి ఎంతొస్తుంది?"

"ఎనభై" అంది గేనర్. అతను ఎక్కడికి వస్తున్నాడో అర్థమైంది. రెండేళ్లు! ఒక్కో నెలనీ పీకి పీకి సంపాదించింది, ఇప్పుడు రెండేళ్లు ఊరికే ఇచ్చెయ్యమంటాడేమిటి ఈ మనిషి?

"నువ్వు నన్ను అరవై రెండుకి కొండ దింపుతావు. దిగి ఏం చెయ్యను? పిల్లలెవరుంటారు అప్పటికి ఇంట్లో? పిప్ గోల్లో నిలబడి అరుస్తుందట, ఆటాడేవాళ్లే భయపడతారట. ఊళ్లోవాళ్లు చెబుతుంటే వింటున్నాను. నేను వెళ్దామనుకున్న వారమే ఆ డ్యూటీ వచ్చిపడుతుంది. నాకు ఖాళీ ఇంట్లో రెండేళ్లు వద్దు గేనర్. శనివారాలు కావాలి. ఇప్పుడు."

"మోకాళ్లో?" అంది, ఆఖరి ప్రయత్నంగా.

"శనివారం అవి కూడా ఇంట్లోనే ఉంటాయి."

షబ్నమ్‌కి నవ్వొచ్చి కాగితాలు సర్దుతున్నట్టు తల దించుకుంది. గేనర్ నవ్వలేదు. ఆ ఫారం మీది గళ్ల వంక చూస్తూ చాలాసేపు కూర్చుంది. వెనక వరసలో ఎవరో దగ్గారు. అతనికి అరవై రెండు నిండే ఆ ముప్ఫై నాలుగు అనే అంకెని ఆమె ఏడేళ్లు మనసులో మోసింది, దేవుడి పటం లాగా. దాన్ని దించాలంటే చెయ్యి రావడం లేదు. ఆ తర్వాత పెన్ను తిప్పి పట్టుకుని, అతను చెప్పిన గడిలో గీత పెట్టి, కింది కాగితం మీద కూడా అచ్చుపడేంత గట్టిగా సంతకం చేసింది.

వీధిలోకి రాగానే రస్ ఆఫీసుకి ఫోను చేశాడు. రేపటినుంచి శనివారాలకి ఇంకెవరినైనా చూసుకోమన్నాడు. రేపటికిప్పుడు చెబుతావా అని అవతల మేనేజరు కేకలేస్తుంటే, ఫోను చెవికి దూరంగా పెట్టుకుని, నడి వీధిలో పెళ్లానికి ముద్దు పెట్టాడు. బస్సులో ఉన్న బడి పిల్లలు కిటికీలు తెరిచి ఈలలు వేశారు. వాళ్లలో సగం మందికి గేనర్ ఆ మధ్యాహ్నమే వడ్డించింది. సోమవారం వాళ్ల మొహం ఎలా చూడాలో ఆమెకి తెలియలేదు.

శనివారం పొద్దున్న ఏడింటికి గేనర్‌కి మెలకువ వచ్చింది. కిటికీ పరదా మీద ఎండ పడింది. పిప్ మేడ మీద సాక్సు కోసం సొరుగులన్నీ లాగుతోంది, నాన్న వస్తున్నాడని పది మందికి చెప్పి ఉంటుంది. ఆటకి ఇంకా రెండు గంటల టైముంది. లేచి రొట్టెముక్కలు కట్టాలి, కవలలకి జడలు వెయ్యాలి. గేనర్ లేవలేదు. పక్కన రస్ నోరు తెరుచుకుని, రెండు కాళ్లూ బారచాపి, గురక పెట్టి నిద్రపోతున్నాడు. ఆ పొద్దు ఖరీదెంతో ఆమెకి పెన్నీలతో సహా తెలుసు. చవగ్గానే వచ్చిందనుకుని, దుప్పటి మీదికి లాక్కుంది.